చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ సైకిలెక్కేవాళ్ళకు: తిరుపతి రోడ్ల మీద మొదటి మూడు నెలలు

సైకిలు ఒకసారి వస్తే మరిచిపోరంటారు. నిజమే, బ్యాలెన్స్ ఎక్కడికీ పోదు. ఇరవై ఏళ్ళ తర్వాత ఎక్కినా వీధి చివరికి వెళ్ళేలోపే కుదురుకుంటుంది. చిక్కంతా అక్కడే. తొక్కడం వెంటనే వచ్చేసింది కదా అని, ఒళ్ళు కూడా ఆనాటిదే అనుకుని మొదటి ఆదివారమే చంద్రగిరి దాకా పోయొస్తారు. సోమవారానికి మోకాలు పట్టేస్తుంది, కుర్చీలో కూర్చోవడం కష్టమవుతుంది. ఆ వారమే సైకిలు మళ్ళీ మెట్ల కిందికి చేరుతుంది.

క్రమం తప్పకుండా తొక్కితే ఆయాసం కొన్ని వారాల్లోనే తగ్గుతుంది. తొడ కండరాలూ తొందరగానే దారికొస్తాయి. కానీ కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే పట్టీలు, ముఖ్యంగా మోకాలి చిప్ప చుట్టూ ఉండేవి, అంత త్వరగా గట్టిపడవు. వాటికి నెలలు కావాలి. ఊపిరి సరేనంటుంది, మోకాలు ఇంకా సరేననదు. అందుకే ఈ మార్గదర్శి అంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది: మొదటి నెల మీకు చేతనైన దానికంటే తక్కువ తొక్కండి. వినడానికి సులువే కానీ, ఎదురుగా శేషాచలం కొండ పిలుస్తూ ఉంటే ఆగడం కష్టం.

1. ముందు ఒంటి సంగతి

నలభై దాటినవాళ్ళు, బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, ఇంట్లో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవాళ్ళు ఉన్నవాళ్ళు మొదలుపెట్టేముందు ఒకసారి డాక్టర్‌ని కలవాలి. "సైకిల్ తొక్కొచ్చా?" అని మాత్రమే అడిగితే "తొక్కండి, మంచిదే" అంటారు. దానితో పాటు మీరు వాడే మందుల గురించి కూడా అడగండి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి మందులు వాడేవాళ్ళకు వ్యాయామంలో షుగర్ బాగా పడిపోవచ్చు. మందు మోతాదు, తినే వేళ ఎలా సర్దుకోవాలో డాక్టరే చెప్పాలి. మీరు చేయాల్సింది జేబులో గ్లూకోజ్ పొడో, నాలుగు చెంచాల చక్కెర పొట్లమో ఉంచుకోవడం. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరిగినట్టుంటే అక్కడే ఆగి దాన్ని నోట్లో వేసుకోవాలి.

బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ వాడేవాళ్ళలో గుండె వేగం పెద్దగా పెరగదు. చేతి వాచీ చూపించే అంకె చూసి "నాకింకా శ్రమ పడలేదు" అనుకోవద్దు. వాచీ ఉన్నా లేకపోయినా అందరికీ పనికొచ్చే కొలత ఒకటుంది. తొక్కుతూ గోవింద నామాలు మధ్యలో ఊపిరికి తడుముకోకుండా పలకగలిగితే శ్రమ సరిగ్గా ఉన్నట్టు. నామానికి నామానికి మధ్య రొప్పుతుంటే వేగం తగ్గించాలి. మొదటి నెలంతా ఇదే హద్దు.

ఛాతీలో బిగుతు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, కళ్ళు బైర్లు కమ్మడం, ఇవి వస్తే ఆ పూటకు సైకిలు అక్కడే వదిలి ఆసుపత్రికి వెళ్ళాలి. గ్యాస్ అనుకుని ఇంటిదాకా తొక్కుకుంటూ రావద్దు.

2. మూలనున్న సైకిల్ని బయటికి తీస్తే

పాత సైకిలుంటే దాంతోనే మొదలుపెట్టమనే చెబుతాను. బీఎస్ఏ ఎస్ఎల్ఆర్ కానీ, రేంజర్ కానీ, నాన్నగారి నల్ల అట్లాస్ కానీ, ఫ్రేము వంగకుండా, పగలకుండా ఉంటే చాలు. (అట్లాస్ వాళ్ళ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే మూతపడింది. ఇంట్లో ఒకటుంటే పాత ఇనుముకి వేయకండి.) టైర్లు, ట్యూబులు, కేబుళ్ళు, బ్రేక్ రబ్బర్లు అన్నీ మార్చినా కొత్త గేర్ సైకిలు ధరలో చిన్న భాగమే అవుతుంది. మూడు నెలల తర్వాత కూడా ఉత్సాహం నిలిస్తే అప్పుడు కొత్తది చూసుకోవచ్చు.

షాపుకి తీసుకెళ్ళేముందు ఇంటి దగ్గరే చూసుకోవాల్సినవి కొన్నున్నాయి. టైరు పక్క గోడల్ని బొటనవేలితో నొక్కి వంచండి. సన్నటి పగుళ్ళు నోరు తెరుచుకుంటే ఆ టైరు పని అయిపోయినట్టే, పైన నేలకు తగిలే భాగంలో గాట్లు ఎంత బాగున్నా సరే. ఎండకు రబ్బరు చచ్చిపోతుంది. మన ఊళ్ళో మిద్దె మీద పెట్టిన సైకిలైతే దాదాపు ఖాయం. పాత మోడల్ ట్యూబుల్లో గాలి నెమ్మదిగా దిగుతుంటే పంచరేనని అనుకోనక్కర్లేదు. వాల్వు లోపలి పిన్నుకు తొడిగే చిన్న రబ్బరు గొట్టం, అదే వాల్ ట్యూబు, చీకిపోయి ఉంటుంది. దాన్ని మార్చడం అయిదు నిమిషాల పని.

చైనుకు పిల్లల దగ్గరున్న స్కేలు చాలు. అంగుళాల వైపు పట్టుకోండి. ఒక పిన్ను నడిమధ్యన సున్నా పెట్టి, ఇరవై నాలుగు పిన్నులు అవతలకి లెక్కపెట్టండి. కొత్త చైనులో ఆ పిన్ను నడిమధ్య సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉంటుంది. గీత దాటి అంగుళంలో పదహారో వంతు జరిగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాకా జరిగిందంటే వెనక పళ్ళ చక్రం కూడా అరిగిపోయి ఉంటుంది. కొత్త చైను వేసినా గట్టిగా తొక్కినప్పుడు జారుతుంది. రెండూ కలిపి మార్చుకోవాలి.

ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని సైకిల్ని ముందుకీ వెనక్కీ ఊపండి. హ్యాండిల్ మెడ దగ్గర "టక్ టక్" అంటే అక్కడ వదులైనట్టు. చక్రాన్ని ఎత్తి తిప్పి, బ్రేక్ రబ్బరుకీ రిమ్ముకీ మధ్య సందు చూడండి. సందు ఒకచోట పెరిగి ఇంకోచోట తగ్గుతుంటే చక్రం వంకర. స్పోకులు బిగించి సరిచేయించాలి. బ్రేక్ రబ్బరు గోరు దిగనంత గట్టిపడి నున్నగా మెరుస్తుంటే అది ఆగదు, కీచుమంటుంది అంతే.

ఇక షాపులో "గాలి కొట్టి ఆయిల్ వెయ్యన్నా" అంటే ఆ రెండే చేస్తారు. పూర్తి ఓవరాయిలింగ్ అని చెప్పండి. అంటే రెండు చక్రాల ఇరుసులు, పెడల్ ఇరుసు, హ్యాండిల్ మెడ విప్పి, ఎండిపోయిన పాత గ్రీసు తుడిచి, గోళీలు చూసి, కొత్త గ్రీసు పెట్టడం. ఏళ్ళ తరబడి కదలని బండికి ఇది తప్పనిసరి. బ్రేకు, గేరు కేబుళ్ళు లోపల తుప్పుపట్టి ఉంటాయి, బయటికి కనబడవు. అడగకుండానే మార్పించండి.

గాలి ఎంత ఉండాలన్నది టైరు పక్కన రాసే ఉంటుంది, ఫలానా నుంచి ఫలానా పీఎస్ఐ అని. మౌంటెన్ బైకుల లావు టైర్లకు సాధారణంగా 35 నుంచి 50, హైబ్రిడ్ల (రోడ్డు సైకిలుకీ మౌంటెన్ బైకుకీ మధ్యరకం) సన్న టైర్లకు 50 నుంచి 70 దాకా ఉంటుంది. ఏదైనా టైరు మీద రాసిందే లెక్క. లారీలకు గాలి కొట్టేచోట కొట్టించుకుంటే మాత్రం జాగ్రత్త. సైకిల్ ట్యూబు చిన్నది, క్షణంలో నిండి పేలిపోతుంది. ఒక చేతిపంపు కొని ఇంట్లో పెట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు. ట్యూబుల్లో గాలి దానంతటదే కొంచెం కొంచెం తగ్గుతూ ఉంటుంది, వారానికొకసారి చూసుకోవాలి.

చైనుకు కొబ్బరినూనె, వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూసేవాళ్ళున్నారు. రెండూ దుమ్మును లాగి నల్లటి ముద్ద చేస్తాయి. పాత గుడ్డతో తుడిచి, ఒక్కో కీలుకు ఒక్కో చుక్క చైన్ ఆయిల్ వేసి, నాలుగు చుట్లు తిప్పి, పైనున్నదంతా మళ్ళీ తుడిచేయాలి. నూనె ఉండాల్సింది కీలు లోపల.

3. కొత్తది కొనాలంటే

దీనిమీద ఎక్కువ చెప్పను. తారు రోడ్ల మీద సరదాగా తొక్కేవాళ్ళకు సస్పెన్షన్ లేని హైబ్రిడ్ సరిపోతుంది. చవక సైకిళ్ళకు పెట్టే ముందు స్ప్రింగు బరువు పెంచడం తప్ప చేసే మేలు తక్కువ. డిస్క్ బ్రేకులు వానలో బాగా పనిచేస్తాయి, కానీ మామూలు రిమ్ బ్రేకులతో ఈ ఊళ్ళో తొక్కలేమనేం లేదు. రంగు కంటే ఫ్రేము సైజు ముఖ్యం. సైకిలు మీద నుంచి కాళ్ళు రెండువైపులా వేసి నిలబడితే పైగొట్టానికీ మీకూ మధ్య రెండు మూడు వేళ్ళ సందుండాలి. షాపులో ఉన్న సైజు అంటగడుతుంటే ఇంకో షాపుకి వెళ్ళండి. గేర్లు ఉంటేనే మంచిదంటాను, ఎందుకో కింద తెలుస్తుంది.

4. సీటు ఎత్తు

మన రోడ్ల మీద పదిమంది సైకిలిస్టుల్ని చూస్తే ఎక్కువమంది సీటు మరీ కిందికి దించి ఉంటుంది. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలన్న భయం. కానీ అంత కింద కూర్చుంటే ప్రతి తొక్కుకూ మోకాలు అతిగా మడుచుకుని, చిప్ప ముందు భాగం మీద భారం పడుతుంది. తిరిగి మొదలుపెట్టినవాళ్ళ మోకాళ్ళ నొప్పిలో మొదట అనుమానించాల్సింది దీన్నే.

తొక్కేటప్పుడు వేసుకునే బూట్లు వేసుకోండి. గోడ పక్కన సైకిలు పెట్టి, గోడకు మోచేయి ఆనించి సీటెక్కండి. ఒక పెడల్ని పూర్తిగా కిందికి తెచ్చి దానిమీద మడమ పెట్టండి. నడుము ఏ పక్కకూ ఒరగకుండా కాలు నిటారుగా సాగాలి. మోకాలు వంగి ఉంటే సీటు పెంచాలి, మడమ అందకపోతే దించాలి. అలా కుదిరాక మడమ తీసేసి, మామూలుగా పాదం ముందు భాగంతో తొక్కితే కింద ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు.

ఈ ఎత్తులో కూర్చుంటే నేలకు మునివేళ్ళే అందుతాయి. ఆగాలనుకున్నప్పుడు సీటు మీద నుంచి ముందుకు దిగి నిలబడాలి. అలవాటు లేనివాళ్ళు మొదటి వారం రెండు వేళ్ళ మందం తక్కువ పెట్టుకుని, ఆ తర్వాత వారానికొక వేలు మందం పెంచుకుంటూ రావచ్చు. సీటు గొట్టం మీద ఒక గీత చెక్కి ఉంటుంది. అది బయటికి కనబడేంత పైకి లాగకూడదు, గొట్టం విరుగుతుంది. కుదిరిన ఎత్తు దగ్గర గొట్టానికి టేపు చుట్టుకుంటే, ఇంట్లో పిల్లలు దించేసినా మళ్ళీ వెతుక్కోనక్కర్లేదు.

సీటు బల్లపరుపుగా ఉండాలి. ముక్కు పైకి లేస్తే తొడల మధ్య తిమ్మిరి, కిందికి వాలితే ఒళ్ళంతా చేతుల మీదికి జారుతుంది. హ్యాండిల్ మొదట్లో సీటుతో సమానంగా కానీ కాస్త ఎత్తుగా కానీ ఉండనివ్వండి. ఫోటోల్లో చూసే వంగుడు తర్వాత చూసుకోవచ్చు.

5. ఏం వేసుకోవాలి, ఏం పెట్టుకోవాలి

హెల్మెట్ మొదటిది. ఈఎన్ 1078 (యూరప్ భద్రతా ప్రమాణం) అనో సీపీఎస్సీ (అమెరికాది) అనో లోపల స్టిక్కరు చూసి కొనండి. కనుబొమలకు రెండు వేళ్ళ పైన నుదుటి మీద నిటారుగా కూర్చోవాలి. వెనక్కి టోపీలా పెట్టుకుంటే పడినప్పుడు నుదురే తగులుతుంది. ఒక్కసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనబడినా మార్చేయాలి. లోపలి నురుగు ఒక్కసారే పనిచేస్తుంది.

చున్నీ, చీర కొంగు, వదులు ప్యాంటు అంచు, బూటు లేసు, ఇవన్నీ చైనులోకో స్పోకుల్లోకో పోయేవే. చున్నీ నడుముకు కట్టేయండి, కుడి ప్యాంటు అంచు సాక్సులోకి దోపండి. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ వేసుకుంటే లోపల ఇంకేమీ వేసుకోకూడదు. లోదుస్తుల కుట్లే ఒరిపిడికి కారణం. షార్ట్స్ బయటికి కనబడటం ఇబ్బందైతే పైన మామూలు ట్రాక్ ప్యాంటు వేసుకోవచ్చు.

వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు పగలైనా ఉండాలి. తెల్లవారుజామున బయల్దేరేవాళ్ళకైతే చెప్పనక్కర్లేదు. ఒక స్పేర్ ట్యూబు, టైరును రిమ్ము నుంచి ఊడదీసే రెండు టైరు లివర్లు, చిన్న పంపు సీటు కింద సంచిలో. రోడ్డు పక్కన పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు మన దగ్గర మామూలే. ట్యూబు మార్చేటప్పుడు టైరు లోపలంతా వేలితో మెల్లగా తడిమి చూడండి. ముల్లు అక్కడే ఉండిపోతే కొత్త ట్యూబుకూ అదే గతి.

6. మొదటి రెండు వారాలు

బయల్దేరేముందు తిరుపతి వాలు తెలుసుకోవాలి. ఊరంతా కొండ పాదం నుంచి దక్షిణానికి, స్వర్ణముఖి వైపుకు మెల్లగా వాలి ఉంది. స్కూటరు మీద తెలియదు, సైకిలు మీద తెలుస్తుంది. తిరుచానూరు వైపు వెళ్తుంటే "అబ్బ, ఎంత బాగా తొక్కుతున్నానో" అనిపిస్తుంది. తిరిగొచ్చేటప్పుడు కాళ్ళు అలిసిపోయి, ఎండెక్కి, అప్పుడు మొదలవుతుంది ఎత్తు. కాబట్టి మొదట్లో అలిపిరి వైపు, కపిలతీర్థం వైపు ముందు వెళ్ళండి. ఎక్కడ ఆయాసమనిపిస్తే అక్కడే వెనక్కి తిప్పితే ఇంటికి వాలులో వచ్చేస్తారు. గేర్లుంటే బాగుంటుందన్నది కూడా ఇందుకే.

తొక్కేది వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. ప్రతిసారీ ఇరవై నిమిషాలు, మహా అయితే ముప్పై. దూరం లెక్కపెట్టొద్దు. ఎస్వీ యూనివర్సిటీ లోపలి రోడ్ల లాంటి చోట్లు దీనికి బాగుంటాయి, పొద్దున నడకకు వచ్చేవాళ్ళు తప్ప రద్దీ ఉండదు. ఒక్క జాగ్రత్త. యూనివర్సిటీలోనూ, జూపార్కు రోడ్డులోనూ చిరుతలు కనబడిన సందర్భాలు ఉన్నాయి. చీకట్లో, ఒంటరిగా కొండ పాదం వైపు పోవద్దు. బాగా తెల్లవారనివ్వండి. జనవరిలో ఆరున్నర దాటితే గానీ సూర్యుడు రాడు, తొందరేం లేదు.

ఈ రెండు వారాల్లో కాళ్ళకంటే అలవాట్లకు పని ఎక్కువ. ఖాళీ రోడ్డులో గీత మీద తొక్కుతూ, కుడి భుజం మీదుగా వెనక్కి చూసి, గీత తప్పకుండా ముందుకు తిరగడం నేర్చుకోండి. మొదట్లో చూసిన వైపుకే సైకిలు పోతుంది. గడ్డాన్ని భుజానికి ఆనించినట్టు తిప్పితే హ్యాండిల్ కదలదు. తర్వాత ఒక చెయ్యి వదిలి సైగ చేయడం. ఆ తర్వాత బ్రేకు. ఆపే బలం ఎక్కువగా ముందు బ్రేకులోనే ఉంటుంది, కానీ దాన్నొక్కదాన్నే హఠాత్తుగా పట్టేస్తే వెనక చక్రం లేస్తుంది. రెండూ కలిపి, మెల్లగా మొదలై బిగించుకుంటూ, ఒంటిని కాస్త వెనక్కి జరుపుతూ పట్టాలి. ఇసుక మీద, తడి మీద ముందుది ఇంకా మెత్తగా.

గేర్ల విషయం ఒక్కటే. బరువైన గేరులో నెమ్మదిగా, ఊపుకుంటూ తొక్కడం మనకు చిన్నప్పటి అలవాటు. మోకాలికి అదే చేటు. తేలిక గేరులో పెడల్ గబగబా తిరగాలి. ఒక కాలు నిమిషానికి డెబ్బై, ఎనభై చుట్లు తిరిగేలా చూసుకోండి. పదిహేను సెకన్లు లెక్కపెడితే పద్దెనిమిది, ఇరవై రావాలి. ఎత్తు వచ్చేముందే గేరు మార్చాలి. ఎక్కుతూ ఎక్కుతూ బలంగా తొక్కుతున్నప్పుడు మారిస్తే చైను "కడక్" మని పడుతుంది, ఒక్కోసారి ఊడిపోతుంది.

7. మూడో వారం నుంచి

నొప్పులేం లేకపోతే రెండు రోజులు అవే ముప్పై నిమిషాలు ఉంచి, మూడో రోజు మాత్రం పెంచండి. ఆదివారం నలభై, ఆ తర్వాత యాభై, ఇలా. మొత్తం వారంలో తొక్కిన సమయం ముందు వారం కంటే సుమారు పదో వంతుకు మించి పెరగకుండా చూసుకోవడం సైకిలిస్టుల్లో ఉన్న మోటు లెక్క. అది శాసనమేమీ కాదు కానీ ఉత్సాహానికి మంచి కళ్ళెం. ప్రతి నాలుగో వారం కావాలనే తగ్గించండి. ఆ వారమే ఒళ్ళు కోలుకునేది.

రెండు నెలలకు గంటసేపు ఆగకుండా, నామాలు పలుకుతూ తొక్కగలిగితే చాలా బాగా వస్తున్నట్టు. ఇప్పుడు వారంలో ఒకరోజు మధ్యలో రెండు మూడు నిమిషాలు కాస్త గట్టిగా తొక్కి, మళ్ళీ తేలిగ్గా, ఇలా నాలుగైదుసార్లు చేయొచ్చు. అలిపిరి రోడ్డు ఎత్తు దీనికి సరిగ్గా సరిపోతుంది. ఫోన్‌లో సగటు వేగం చూసుకునే జబ్బు మాత్రం ఇంకా అంటించుకోకండి. పక్కన ఇరవై ఏళ్ళ కుర్రాడు దాటిపోతే పోనివ్వండి.

8. ఎక్కడ నొప్పి, ఎందుకు

కూర్చునే చోట ఎముకల దగ్గర నొప్పి మొదటి రెండు మూడు వారాలు అందరికీ ఉంటుంది, తగ్గిపోతుంది. దానికి భయపడి పరుపులాంటి మెత్తటి జెల్ కవరు కొంటారు. ఎముకలు అందులో దిగబడి, మధ్యలో మెత్తటి భాగం మీద ఒత్తిడి పెరుగుతుంది. కాస్త గట్టి సీటు, మీ ఎముకల వెడల్పుకు సరిపడేదే మేలు. ఆడవాళ్ళకు మామూలుగా వెడల్పు సీటు నప్పుతుంది. తిమ్మిరి వేరే సంగతి. తొడల మధ్య తిమ్మిరి వస్తే భరించకూడదు, లేచి నిలబడి తొక్కాలి, సీటు ముక్కు కొంచెం దించి చూడాలి.

మోకాలి ముందు నొప్పి అంటే సీటు తక్కువైనట్టో, గేరు బరువైనట్టో. మోకాలి వెనక లాగితే సీటు ఎక్కువైనట్టు. అరచేతుల్లో, చిటికెన వేలి వైపు తిమ్మిరి వస్తే ఒళ్ళంతా చేతుల మీద వేస్తున్నారని. హ్యాండిల్ పెంచండి, మోచేతులు వంచండి, పట్టు మారుస్తూ ఉండండి. మెడ పట్టేస్తే హ్యాండిల్ మరీ దూరంగానో కిందగానో ఉంది. ఏ మార్పైనా ఒకసారికి ఒకటే, అదీ కొంచెమే. రెండు మూడు రోజులు తొక్కి చూశాకే ఇంకోటి. అప్పటికీ మోకాలు వాచినా, రాత్రిళ్ళు సలిపినా ఎముకల డాక్టరుకి చూపించాలి.

9. ఎండ, వాన, నీళ్ళు

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడ తొక్కడానికి స్వర్గం. మొదలుపెట్టడానికీ అదే మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే రోజులుంటాయి. పొద్దున ఏడున్నరకల్లా ఇంట్లో ఉండాలి. సాయంత్రం ఎండ తగ్గినా తారు రోడ్డు సెగ తగ్గదు. ఎండలో తొక్కుతుండగా చెమట ఆగిపోయి, తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండి, మాట తడబడితే అది వడదెబ్బ. నీడకు చేరి, ఒంటిని తడిపి, సాయం పిలవాలి.

అరగంట తొక్కుడుకు ముందు ఒక గ్లాసు నీళ్ళు చాలు. గంట దాటితే గంటకు అర లీటరు తక్కువ కాకుండా, దాహం వేసేదాకా ఆగకుండా గుక్కెడు గుక్కెడు తాగాలి. ఎక్కువ చెమట పట్టేవాళ్ళకు ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ బాగుంటుంది. ఓఆర్ఎస్ ఇంట్లో కలుపుకోవాలంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలవాలి. షుగర్, కిడ్నీ, బీపీ ఉన్నవాళ్ళు మాత్రం దీన్ని రోజూ తాగే పానీయం చేసుకోకూడదు. గంటలోపు తొక్కుడుకు ముందు తినకపోయినా చాలామందికి ఇబ్బంది ఉండదు. అంతకు మించితే ఒక అరటిపండో, గ్లాసు రాగిజావో. తిరిగొచ్చి నాలుగు పూరీలు, ఒక మసాలా దోశ తిని "రోజూ తొక్కుతున్నా బరువు తగ్గలేదు" అంటే సైకిలేం చేస్తుంది.

మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. 2021 నవంబరు వరదను ఊళ్ళో ఎవరూ మరిచిపోలేదు. రైల్వే అండర్ బ్రిడ్జిల్లో నీళ్ళు నిలిచినప్పుడు అటు పోవద్దు, అడుగున గుంత ఎంతో తెలియదు. వాన వెలిసిన తర్వాత కూడా కొండ వాగులు తెచ్చిన ఇసుక మలుపుల్లో పరుచుకుని ఉంటుంది. తెల్ల పెయింటు గీతలు, మ్యాన్‌హోల్ మూతలు తడిస్తే జారుడు బల్లలే.

10. కుక్కలు, బస్సులు, యాత్రికుల బండ్లు

కుక్క వెంటపడితే వేగం పెంచి తప్పించుకుందామనుకుంటాం. చాలా కుక్కలకు ఆ పరుగే ఊపు. వేగం తగ్గించండి, అవసరమైతే దిగి సైకిల్ని మీకూ దానికీ మధ్య ఉంచుకుని, కసిరి, నడుచుకుంటూ దాటండి. కరిస్తే సబ్బుతో పావుగంట సేపు ధారగా కడిగి అదే రోజు ఇంజెక్షన్‌కి వెళ్ళాలి.

ఊళ్ళోని బండ్లలో చాలా భాగం ఈ ఊరివి కావన్నది తిరుపతి ప్రత్యేకత. దారి తెలియని డ్రైవరు, రాత్రంతా నిద్రలేని కళ్ళు, "అలిపిరికి ఎటు?" అని అడగడానికి హఠాత్తుగా ఎడమకు కొట్టి ఆపడం. ఆగిన టెంపో ట్రావెలర్ పక్క నుంచి వెళ్ళేటప్పుడు తలుపు తెరుచుకునేంత దూరం వదలండి. రోడ్డు అంచున మట్టి మీదికి దిగిపోకుండా, అంచు నుంచి మూడడుగులు లోపలికి జరిగి తిన్నగా తొక్కండి. మధ్యమధ్యలో లోపలికీ బయటికీ పోతుంటే వెనక బండికి మీరెటు పోతారో అర్థం కాదు. బ్రహ్మోత్సవాలప్పుడు, తమిళుల పెరటాసి నెల శనివారాల్లో, వరుస సెలవుల్లో అలిపిరి, బస్టాండు వైపు పోవడం మానేసి పల్లెల దారి పట్టండి. ఇయర్‌ఫోన్లు వద్దు.

11. ఊరి బయటికి

గంట తొక్కడం కుదిరాక తిరుచానూరు మొదటి గమ్యంగా బాగుంటుంది, అయిదు కిలోమీటర్లే. తిరుగు దారి ఎత్తని గుర్తుంచుకుంటే చాలు. తర్వాత పేరూరు బండ మీద వకుళమాత గుడి. పైదాకా తొక్కాలని పంతం పట్టకండి, కింద ఆపి నడిచి ఎక్కొచ్చు. ఆ తర్వాత తొండవాడ. స్వర్ణముఖి ఒడ్డున అగస్తీశ్వరుడి గుడి దగ్గర చెట్ల నీడలో కూర్చుని నీళ్ళు తాగడానికి అంతకంటే మంచి చోటు ఇటువైపు నేను చూడలేదు. అక్కణ్ణుంచి శ్రీనివాసమంగాపురం, చంద్రగిరి కోట ఎంతో దూరం కాదు. ఇంటి నుంచి చంద్రగిరి పోయి రావడానికి పాతిక, ముప్పై కిలోమీటర్లు పడుతుంది. మూడో నెల చివర్లో పెట్టుకోండి. పొద్దున బయల్దేరి, మధ్యలో ఇడ్లీకి ఆగి, తొమ్మిదిలోపు ఇంటికి చేరేలా. హైవే ఎక్కాల్సినచోట ఎడమ అంచునే ఉండండి. ఎదురు దిశలో అడ్డదారి వేయడం మన దగ్గర అందరూ చేసేదే అయినా, చచ్చేది సైకిలువాడే. ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్ళండి.

12. కొండ సంగతి

అందరూ అడిగేది ఇదే, తిరుమలకు సైకిలు మీద ఎప్పుడు పోవచ్చని. మొదటి మూడు నెలల్లో వద్దు. పైకి వెళ్ళే ఘాట్ రోడ్డు సుమారు 18 కిలోమీటర్లు, ఎక్కే ఎత్తు దాదాపు 700 మీటర్లు. ఎక్కడం ఓపిక మీద ఆధారపడుతుంది, తేలిక గేరుంటే ఎప్పటికో చేరతారు. దిగడమే అసలు పరీక్ష. దిగేది 1944లో వేసిన పాత రోడ్డు, అన్నీ మలుపులే. ఆపకుండా బ్రేకు పట్టుకునే దిగితే రిమ్ములు కాలిపోతాయి, చేతులు మొద్దుబారతాయి. మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు వదిలి, మధ్యలో ఆగి చల్లారనిచ్చి దిగడం వేరే చిన్న ఎత్తుల మీద బాగా అలవాటయ్యాకే అటు ఆలోచించాలి. వేళలు, అనుమతులు మారుతుంటాయి, చిరుతల వల్ల ఆంక్షలూ పెడుతుంటారు. అలిపిరి చెకింగ్ దగ్గర ముందురోజే కనుక్కోండి.

13. మధ్యలో ఆగిపోతే

పెళ్ళిళ్ళు, జ్వరం, నవంబరు వానలు, ఏదో ఒకటి అడ్డు పడుతుంది. వారం ఆగితే ఏమీ కాదు, ఆపిన చోటే అందుకోండి. రెండు మూడు వారాలు ఆగితే ఆపినప్పటి సమయంలో సగంతో మొదలుపెట్టి, రెండు వారాల్లో పాత స్థాయికి రండి. నెలన్నర దాటితే మళ్ళీ ఇరవై నిమిషాల నుంచే. ఈసారి తొందరగా పెరుగుతారు. జ్వరం వచ్చి తగ్గినవాళ్ళు, ముఖ్యంగా డెంగీ, కోవిడ్ లాంటివైతే, నడిచినప్పుడు ఆయాసం లేదని తేలాకే సైకిలెక్కాలి. ఎక్కేముందు గాలి, బ్రేకులు, చైను చూసుకోవాలి. వానాకాలం కదలకుండా ఉన్న చైను ఎర్రగా తుప్పుపట్టి ఉంటే నూనె వేసి ఒక రాత్రి ఉంచి, మర్నాడు తుడిచి తిప్పి చూడండి. కీళ్ళు అప్పటికీ బిగుసుకునే ఉంటే మార్పించేయండి.